కారియర్‌లో ఏం పెట్టారు?

మా అమ్మకు కారియర్ అంటే టిఫిన్ కారియరే. మా నాన్న విశాఖపట్నం నేవల్ డాక్‌యార్డులో నలభై ఏళ్ళ పైన ఫిట్టరుగా పనిచేశారు. రోజూ పొద్దున్నే ఆయన సైకిల్ హ్యాండిల్‌కి మూడు గిన్నెల కారియర్ తగిలించి పంపడం అమ్మ డ్యూటీ. అందుకే 2025 ఏప్రిల్‌లో వాళ్ళిద్దరూ మొదటిసారి ఇంగ్లండు వచ్చినప్పుడు "రేపు పోర్ట్స్‌మౌత్‌లో కారియర్ చూడ్డానికి వెళ్దాం" అని నేనంటే, "పనిగట్టుకుని అంతదూరం వెళ్ళి చూడ్డానికి అందులో ఏం పెట్టార్రా?" అంది.

అందరం నవ్వుకున్నాం. ఆవిడ వేసింది చాలా సరైన ప్రశ్న అని నాకు తెలియడానికి ఇంకో రోజు పట్టింది.

మేం ఉండేది పోర్ట్స్‌మౌత్‌కి అరగంట దూరంలో. ఏప్రిల్ 22న అక్కణ్ణించి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ అనే బ్రిటిష్ విమాన వాహక నౌక ఎనిమిది నెలల ప్రయాణానికి బయల్దేరింది. మధ్యధరా సముద్రం, హిందూ మహాసముద్రం దాటి జపాన్ దాకా వెళ్ళి రావాలి. ఆ రేవు ముఖద్వారం చాలా ఇరుకు. అక్కడ రౌండ్ టవర్ అని ఒక పాత రాతి బురుజు ఉంది. నావికుల ఇంటివాళ్ళు దాని మీద నిలబడి చేతులూపి సాగనంపడం ఇక్కడి ఆనవాయితీ. నేను సెలవు పెట్టి అమ్మనీ నాన్ననీ అక్కడికే తీసుకెళ్ళాను. 65,000 టన్నుల బరువు, 280 మీటర్ల పొడవు. మా ముందు నుంచి ఒక వీధి వీధంతా లేచి నీళ్ళ మీద నడిచి వెళ్తున్నట్టుంది. పక్కనున్న ఒకావిడ ఏడుస్తూ దుప్పటంత బ్యానరు ఊపుతోంది. వాళ్ళబ్బాయి పైన ఎక్కడో ఉన్నాడట. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. భాష అక్కర్లేకపోయింది.

నాన్న మాత్రం కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని ముందు నుంచి వెనక దాకా ఓడని చదువుతున్నట్టు చూశారు. చివరికి, "ఓడ బాగానే ఉంది గానీ, ఇమానాలేవిరా?" అన్నారు.

నిజమే. డెక్ మీద ఒక్క ఫైటరు కూడా లేదు. అవి ఓడ సముద్రంలోకి వెళ్ళాక వైమానిక స్థావరం నుంచి ఎగిరొచ్చి దిగుతాయని నేను చెప్పాను. నాన్న తలూపారు గానీ, ఆ ప్రశ్న ఆయన్ని వదల్లేదు. ఆ సాయంత్రం అది నన్నూ పట్టుకుంది.

డైనింగ్ టేబుల్ దగ్గర నౌకాయుద్ధం

ఆ వారమే మా అమ్మాయికి స్కూల్లో డిబేట్ ఒకటి వచ్చిపడింది. పద్నాలుగేళ్ళ పిల్లలకు ఇచ్చిన అంశం: వనరులు చాలని నౌకాదళం విమాన వాహక నౌకల మీద డబ్బు పెట్టాలా? మావాళ్ళకు "పెట్టాలి" అనే వైపు వచ్చింది. తాతయ్య డాక్‌యార్డు మనిషి కాబట్టి పాయింట్లన్నీ ఆయనే చెప్పేస్తారని దాని ధీమా.

కానీ ముందు గుండు పేల్చింది మా ఆవిడ. తను ఇక్కడి ఒక ఆస్పత్రిలో డాక్టరు. "మంచం దొరక్క ఎనభై ఏళ్ళ ముసలాయన కారిడార్లో ట్రాలీ మీద రాత్రంతా పడుకుంటే చూసి వచ్చాను మావయ్యా. ఆ రెండు ఓడలకూ ఆరు బిలియన్ పౌండ్లు ఎందుకు పెట్టారో ఆయనకు మీరే చెప్పండి" అంది.

నేను ఫోన్ తీసి లెక్క కట్టాను. క్వీన్ ఎలిజబెత్, ప్రిన్స్ ఆఫ్ వేల్స్ రెండూ కట్టడానికి దాదాపు 6.2 బిలియన్ పౌండ్లు అయ్యాయి. ఇంగ్లండులో ప్రభుత్వ వైద్యానికి ఏడాదికి 150 బిలియన్ల పైనే ఖర్చవుతోంది. అంటే ఏళ్ళ తరబడి కట్టిన రెండు ఓడల ఖరీదు ఆస్పత్రులకు రెండు వారాల ఖర్చు. ఈ లెక్కతో గెలిచేశాననుకున్నాను. మా ఆవిడ తొణకలేదు. "ఓడ కట్టడానికైన డబ్బు చెప్పావు. దాన్ని నడపడానికయ్యే డబ్బు చెప్పలేదు. కారు కొన్నప్పుడు కూడా నువ్వు ఇలాగే లెక్క చెప్పావు" అంది. కారు సంగతి పాఠకులకు అనవసరం.

"అమ్మ సెప్పింది కరెక్టు" అన్నారు నాన్న. మా అమ్మాయి మొహం వాడిపోయింది. తాతయ్య ప్రతిపక్షంలో కలిసిపోయాడు!

ఆయన కలవలేదు. కథ మొదలుపెట్టారంతే.

1971, డిసెంబరు 3 రాత్రి

విశాఖలో పెరిగినవాళ్ళకు ఈ కథ చెప్పక్కర్లేదు. కానీ ఇక్కడ పుట్టిన మన పిల్లలకు తెలియదు కాబట్టి చెప్తున్నాను.

అప్పటికి మన దగ్గర ఉన్న విమాన వాహక నౌక ఒక్కటే, విక్రాంత్. అది కూడా కొత్తది కాదు. రెండో ప్రపంచ యుద్ధం కోసం బ్రిటన్ హెర్క్యులిస్ అనే పేరుతో మొదలుపెట్టి, యుద్ధం అయిపోయేసరికి సగంలో ఆపేసిన ఓడ. 1957లో మనం కొని, బెల్‌ఫాస్ట్‌లో పూర్తి చేయించుకున్నాం. 1961 మార్చి 4న అక్కడే అప్పటి మన హైకమిషనర్ విజయలక్ష్మీ పండిట్ దాన్ని నౌకాదళంలో చేర్చారు. స్వాతంత్ర్యం వచ్చి పద్నాలుగేళ్ళు. తిండిగింజలు దిగుమతి చేసుకుంటున్న రోజులు. అప్పుడు కూడా ఇదే ప్రశ్న: మనకెందుకు ఇంత ఓడ?

1965 యుద్ధం వచ్చేసరికి విక్రాంత్ బొంబాయిలో రిపేరులో ఉంది. అంటే ఉన్న ఒక్కటీ అవసరానికి లేదు. 1971 నాటికి దాని నాలుగు బాయిలర్లలో ఒకదానికి పగుళ్ళు వచ్చాయి. పూర్తి వేగంతో పోలేదు. అయినా దాన్ని బంగాళాఖాతానికి తెచ్చారు. దాన్ని ముంచడానికి పాకిస్తాన్ ఘాజీ అనే జలాంతర్గామిని పంపింది.

అప్పుడు తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్. విక్రాంత్‌ను అండమాన్ వైపు దాచి, అది విశాఖలోనే ఉన్నట్టు శత్రువును నమ్మించారు. విశాఖ కాంట్రాక్టర్లకు పెద్ద ఎత్తున మాంసం, కూరగాయలు ఆర్డర్లిచ్చారని ఆయనే తరవాత రాసుకున్నారు. అంత సరుకు ఎవరికి? కచ్చితంగా పెద్ద ఓడకే అని ఊరంతా అనుకోవాలి, వార్త పాకిస్తాన్ దాకా పోవాలి. ఊరివాళ్ళ నోటిని కూడా ఆయుధంగా వాడుకున్నారన్నమాట!

"నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. అప్రెంటిస్‌ని. అర్ధరాత్రి దాటింది. డామ్మని ఒకటే సప్పుడు. మా ఇంటి కిటికీ రెక్కలు ఊడొచ్చినంత పనైంది. మా అమ్మ భూకంపం అనుకుని మమ్మల్నందర్నీ ఈదిలోకి లాగేసింది" అన్నారు నాన్న. ఆ చప్పుడు ఘాజీ విశాఖ రేవు బయట పేలి మునిగిన చప్పుడు. మన రాజ్‌పుత్ అనే ఓడ వేసిన డెప్త్ ఛార్జీల వల్ల మునిగిందని మన నౌకాదళం, లోపలే ఏదో పేలిందని పాకిస్తాన్ అంటాయి. ఏదైనా, అందులో ఉన్నవాళ్ళు ఒక్కరూ బతకలేదు. డిసెంబరు 4 నుంచి విక్రాంత్ మీది సీ హాక్ విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేశాయి. తూర్పు పాకిస్తాన్‌కు సముద్రపు దారి మూసుకుపోయింది. పదహారో తేదీకి యుద్ధం ముగిసింది.

మా అమ్మాయి గబగబా రాసుకుంటోంది. "చూశావా మమ్మీ, పాత ఓడైనా గెలిపించింది!"

"ఆగమ్మా" అన్నారు నాన్న. "నేవీ డే ఎప్పుడు?"

డిసెంబరు 4. బీచ్ రోడ్డులో ఏటా జరిగే విన్యాసాలు చూస్తూ పెరిగాను కాబట్టి అది నాకు తెలుసు. కానీ అది విక్రాంత్ పండగ కాదు. ఆ రాత్రి నిపట్, నిర్ఘట్, వీర్ అనే మూడు చిన్న క్షిపణి పడవలు కరాచీ మీద దాడి చేశాయి. ఒక్కొక్కటీ రెండు వందల టన్నుల పైచిలుకు. విక్రాంత్ పక్కన పెడితే ఏనుగు పక్కన ఎలకలు. మన నౌకాదళం ఏటా పండగ చేసుకునేది ఆ ఎలకలు చేసిన పనికి!

ఒకే యుద్ధం, ఒకే రోజు. రెండు జవాబులూ అందులోనే ఉన్నాయి. ఇక డిబేట్‌లో ఏ జట్టు గెలవాలి?

అమ్మేద్దామనుకున్న ఓడలు

ఇప్పుడు నేను నిలబడి చూసిన ఆ రౌండ్ టవర్ దగ్గరికి మళ్ళీ రావాలి. 1982 ఏప్రిల్ 5న అక్కణ్ణించే హెర్మిస్, ఇన్విన్సిబుల్ అనే రెండు వాహక నౌకలు ఫాక్‌లాండ్ దీవులకు బయల్దేరాయి. మూడు రోజుల కిందటే అర్జెంటీనా ఆ దీవుల్ని ఆక్రమించింది. దూరం దాదాపు 13,000 కిలోమీటర్లు. దగ్గర్లో బ్రిటన్‌కు ఫైటర్లు దిగే స్థావరం లేదు. ఆ రెండు ఓడల మీది సీ హారియర్ విమానాలే గొడుగు. అవి అర్జెంటీనా విమానాల్ని ఇరవై దాకా కూల్చాయి. గాలిలో జరిగిన పోరులో ఒక్కటీ పోగొట్టుకోలేదు.

తమాషా ఏమిటంటే, అంతకు ముందు ఏడాదే రక్షణమంత్రి జాన్ నాట్, డబ్బు లేదు కాబట్టి నౌకాదళాన్ని కుదించాలని తేల్చారు. ఇన్విన్సిబుల్‌ను ఆస్ట్రేలియాకు అమ్మడానికి 1982 ఫిబ్రవరిలో ఒప్పందం కూడా కుదిరింది. హెర్మిస్‌ను సాగనంపడమే తరువాయి. అర్జెంటీనా కొన్నాళ్ళు ఆగి ఉంటే, పోర్ట్స్‌మౌత్ నుంచి బయల్దేరడానికి ఓడలే ఉండేవి కావు.

ఇది వినగానే మా అమ్మాయి "ఇదే నా ఓపెనింగ్" అంది. కానీ రెండో సగం కూడా చెప్పకపోతే మోసం అవుతుంది. అర్జెంటీనాకూ ఒక వాహక నౌక ఉంది. మే 2న కాంకరర్ అనే బ్రిటిష్ జలాంతర్గామి వాళ్ళ బెల్‌గ్రానో యుద్ధనౌకను ముంచింది. 323 మంది చనిపోయారు. ఆ దెబ్బతో అర్జెంటీనా వాహక నౌక తీరానికి వెనక్కి పోయి, మళ్ళీ పోరులోకి రాలేదు. కొని, పోషించి, అంత ఖర్చు పెట్టిన ఓడను నీళ్ళ కింద దాక్కున్న ఒక్క పడవ ఇంటికి పంపేసింది.

ఇక హెర్మిస్ సంగతి మన తెలుగువాళ్ళకు వేరే పేరుతో తెలుసు. దాన్ని మనం 1986లో కొన్నాం. 1987 మే 12న ప్లిమత్‌లో అది విరాట్ అయింది. ముప్పై ఏళ్ళు పనిచేసి 2017లో రిటైరైంది. 2016 ఫిబ్రవరిలో విశాఖలో అంతర్జాతీయ నౌకా సమీక్ష జరిగినప్పుడు విరాట్ వచ్చింది. ఆ ఓడను విశాఖకు తెచ్చి మ్యూజియం చేస్తామని అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించింది. నాన్న ఎంత సంబరపడ్డారో! కురుసుర జలాంతర్గామి 2002 నుంచే బీచ్‌లో ఉంది, దాని పక్కన విరాట్ వస్తే ఇంకేం కావాలి? కానీ ఖర్చు ఎవరు పెట్టాలన్న దగ్గర ఆగిపోయింది. 2020లో 38 కోట్ల చిల్లరకు తుక్కుగా అమ్ముడై గుజరాత్‌లోని అలంగ్‌కు పోయింది. అంతకు ముందు విక్రాంత్ గతీ అంతే. ముంబయిలో కొన్నాళ్ళు మ్యూజియంగా ఉండి, 2014లో తుక్కుకు పోయింది. ఆ ఇనుముతో తరవాత బజాజ్ వాళ్ళు మోటార్ సైకిల్ చేశారు. చనిపోయాక కూడా మేపలేని ఏనుగులివి.

గిన్నె చవక, కూర ఖరీదు

మళ్ళీ మా అమ్మ ప్రశ్నకు వద్దాం. కారియర్‌లో ఏం పెట్టారు?

బ్రిటన్ 2010లో డబ్బు లేదని హారియర్ విమానాల్ని తీసేసింది. డెబ్బై రెండింటిని విడిభాగాల కోసం అమెరికాకు అమ్మేసింది. అదే సమయంలో రెండు కొత్త పెద్ద ఓడలు కడుతూనే ఉంది. ఎందుకంటే, రెండోది ఆపేస్తే కట్టడం కన్నా ఎక్కువ ఖర్చవుతుందని కాంట్రాక్టులు చూశాక తేలింది! అలా ఏళ్ళ తరబడి విమానాల్లేని దళం విమానాల ఓడలు కట్టింది. 2021లో క్వీన్ ఎలిజబెత్ మొదటి పెద్ద ప్రయాణానికి వెళ్ళినప్పుడు దాని మీద 18 ఎఫ్-35 విమానాలుంటే, అందులో 10 అమెరికా మెరైన్లవి. పక్కింటావిడ పెట్టిన కూరతో నిండిన కారియర్ అన్నమాట. 2025లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ వెంట కాపలాకు నార్వే, కెనడా, స్పెయిన్ ఫ్రిగేట్లు కూడా వెళ్ళాయి. స్నేహితులుండటం మంచిదే. కానీ వాళ్ళకు వేరే పని పడిన రోజు ఏమిటి?

మన సంగతి ఇంతకన్నా మెరుగు కాదు. రష్యా నుంచి గోర్ష్‌కోవ్‌ను కొన్నప్పుడు, 2004లో బాగుచేయడానికి ఒప్పుకున్న ధర 974 మిలియన్ డాలర్లు. 2013 నవంబరులో విక్రమాదిత్యగా చేతికొచ్చేసరికి 2.3 బిలియన్లు దాటింది. అయిదేళ్ళు ఆలస్యం. పోనీ విమానాలు? వాటి మీద వాడే మిగ్-29కె విమానాలు కొన్నేళ్ళ పాటు ఎగరడానికి సిద్ధంగా ఉన్నది 16 నుంచి 38 శాతం మధ్యేనని 2016లో కాగ్ నివేదిక చెప్పింది. మూడింటిలో రెండు షెడ్డులో ఉంటే, ఓడ ఎంత పెద్దదైతే ఏం లాభం?

కొత్త విక్రాంత్ కథ మాత్రం నాకు గర్వంగా ఉంటుంది, దాచుకోను. కొచ్చిన్ షిప్‌యార్డులో 2009లో మొదలై, 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరింది. దానికి వాడిన ప్రత్యేకమైన ఉక్కును తయారుచేసే పద్ధతి మన హైదరాబాదులోని డి.ఎం.ఆర్.ఎల్. ప్రయోగశాలలో, స్టీల్ అథారిటీతో కలిసి పుట్టింది. అంతకు ముందు అలాంటి ఉక్కు బయటినుంచి తెచ్చుకోవాల్సి వచ్చేది. ఖర్చు దాదాపు 20,000 కోట్ల రూపాయలు. అంత కష్టపడి కట్టుకున్నాం. తరవాత 2025 ఏప్రిల్‌లో నౌకాదళానికి 26 రఫేల్ విమానాలు కొనడానికి ఫ్రాన్స్‌తో ఒప్పందం చేసుకున్నాం. ఎంతనుకున్నారు? దాదాపు 63,000 కోట్లు! ఓడ కన్నా మూడింతలు. ఆ విమానాలు రావడం 2028లో మొదలవుతుంది.

కేంద్ర ప్రభుత్వం 2025-26 బడ్జెట్‌లో ఆరోగ్యానికి పెట్టింది సుమారు లక్ష కోట్లు. ఈ అంకె చదివినప్పుడు మా ఆవిడ ఏమీ అనలేదు. ప్లేట్లు తీసింది.

ఏది ముందు?

ఈ వాదన మనింట్లోదే కాదు. 2020లో త్రిదళాధిపతి జనరల్ బిపిన్ రావత్, మూడో వాహక నౌక కన్నా జలాంతర్గాములే ముందన్నారు. నీటి మీద కనిపించేదాన్ని ఉపగ్రహాలు పసిగడతాయి, క్షిపణులు కొడతాయి అన్నది ఆయన వాదన. చైనా దగ్గర 1,500 కిలోమీటర్ల దూరం నుంచి ఓడల్ని కొట్టే క్షిపణులున్నాయి మరి. అప్పటి నౌకాదళాధిపతి అడ్మిరల్ కరంబీర్ సింగ్ మూడోది కావాలన్నారు. 2019 మే వరకూ ఆయన విశాఖలోనే తూర్పు నౌకాదళాధిపతి. రక్షణ బడ్జెట్‌లో నౌకాదళం వాటా 2012లో 18 శాతం ఉండేది, 2019-20కి 13కు పడిపోయిందని చెప్పింది కూడా ఆయనే. చిన్న గిన్నెలోంచి పెద్ద ముద్ద తీయాలంటే ఎవరో ఒకరు ఆకలితో లేవాలి.

ఎవరు లేస్తారు? నాకు ఒక ఓడ గుర్తొస్తుంది. 2024 జనవరి 26న ఏడెన్ సింధుశాఖలో మార్లిన్ లువాండా అనే చమురు ఓడకు హౌతీల క్షిపణి తగిలి మంటలు లేచాయి. అందులో 22 మంది భారతీయులు. ఆదుకోవడానికి వెళ్ళినవాటిలో మన డెస్ట్రాయర్ ఒకటి, దాని పేరు ఐ.ఎన్.ఎస్. విశాఖపట్నం. మన నావికులు ఆ ఓడ ఎక్కి మంటలార్పడంలో చెయ్యి కలిపారు. ఆ పనికి వాహక నౌక అక్కర్లేదు. కావలసిన చోట, కావలసిన వేళ ఒక ఓడ ఉండాలి, అంతే. పెద్ద ఓడ కోసం అలాంటివి తగ్గించుకుంటే, ఆ 22 మంది ఇళ్ళలో వాళ్ళకు మనం ఏం చెప్పాలి?

అలాగని వాహక నౌక కాలం చెల్లిందనీ నేననను. కాలం చెల్లితే చైనా 2025 నవంబరులో మూడోదాన్ని ఎందుకు దించింది? 2025 మే నెలలో పాకిస్తాన్‌తో ఘర్షణ జరిగినప్పుడు విక్రాంత్ దళం ఉత్తర అరేబియా సముద్రంలో మోహరించి ఉంది. అలా ఉండటమే ఒక పని.

నా అభిప్రాయం అడిగితే, రెండు ఉంచుకోవాలి, రెండూ నిండుగా ఉంచుకోవాలి. ఒక్కటే ఉంటే 1965 లాగా అవసరానికి రేవులో ఉంటుంది. 2024 ఫిబ్రవరిలో నాటో విన్యాసాలకు వెళ్ళాల్సిన క్వీన్ ఎలిజబెత్ ప్రొపెల్లర్ షాఫ్ట్ దగ్గర లోపం బయటపడి ఆగిపోయింది. రెండోది ఉంది కాబట్టి దాన్ని పంపారు. విక్రమాదిత్య ఓడ 1982లోనే నీళ్ళలో దిగింది, నలభై దాటిన మనిషి. విక్రాంత్ కట్టడానికి 13 ఏళ్ళు పట్టిందంటే, దాని బదులు ఇంకో విక్రాంత్‌ను కొచ్చిలో ఆర్డరు చేసే వేళ దగ్గరపడింది. అక్కడ 310 మీటర్ల కొత్త డ్రైడాక్ కూడా 2024 జనవరిలో మొదలైంది. కానీ 65,000 టన్నుల మూడో ఓడ కోరిక మాత్రం పక్కన పెట్టాలి. జలాంతర్గాములు, విమానాలు, కాపలా ఓడలు, వీటికి డబ్బు చూపించకుండా కొత్త ఓడకు కొబ్బరికాయ కొట్టకూడదు.

నాన్న దీనికి ఒక సవరణ చేశారు. "మనుషుల్ని మర్సిపోయావు. ఓడ ఆర్డరు పదేళ్ళు ఆపితే ఎల్డరు రిటైరైపోతాడు. మళ్ళీ కొత్తోడికి చెయ్యి తిరగాలంటే ఇంకో పదేళ్ళు. డబ్బు అప్పు తేవొచ్చు, చెయ్యి అప్పు తేలేం." నలభై ఏళ్ళు ఫైలు పట్టిన చేతుల మాట అది. నేను దాన్ని నా జాబితాలో పైకి జరిపాను. మా ఆవిడ మాత్రం ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోలేదు. "ఇవన్నీ నిజమే. ఆ ట్రాలీ మీది ముసలాయన కూడా నిజమే" అంటుంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

గిన్నెలు కడగాలి

జూన్‌లో మాకందరికీ మంచి కాలక్షేపం దొరికింది. ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మీది ఎఫ్-35 ఒకటి అత్యవసరంగా తిరువనంతపురంలో దిగి, తరవాత మొరాయించింది. జూన్ 14న దిగింది, జూలై 22న గానీ లేవలేదు. కేరళ టూరిజం వాళ్ళు ఊరుకుంటారా? ఈ అందమైన చోటు వదిలి వెళ్ళాలనిపించడం లేదని ఆ విమానమే చెబుతున్నట్టు పోస్టరు వేశారు. మా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో వారం రోజులు అదే. నాన్న మాత్రం నవ్వలేదు. అయిదు వారాలు వానలో విమానం నిలబడితే ఎంత తుప్పు పట్టి ఉంటుందోనని ఆయన బాధ.

డిబేట్‌లో మావాళ్ళు మూడు ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఫాక్‌లాండ్ కథ అందరికీ నచ్చిందట. కానీ అవతలి జట్టులో ఒక అబ్బాయి లేచి, "ఓడ మీద ఎగరాల్సిన విమానాలు సగానికి పైగా వేరే దేశానివి అయితే, అది ఏ దేశపు ఓడ?" అని అడిగాడట. మా అమ్మాయికి జవాబు దొరకలేదు. ఆ అంకె దానికి ముందే తెలుసు. మన ఇంట్లో విన్నదే. మన వైపు వాదనకు పనికిరాదని నోట్సులోంచి కొట్టేసింది. "కొట్టెయ్యకుండా ఉండాల్సింది డాడీ, జవాబు తయారుచేసుకునేదాన్ని" అంది.

అమ్మా నాన్నా సెప్టెంబరులో విశాఖ వెళ్ళిపోయారు. అక్టోబరులో ప్రిన్స్ ఆఫ్ వేల్స్, మన విక్రాంత్ అరేబియా సముద్రంలో పక్కపక్కన విన్యాసాలు చేశాయి. ఆ ఫొటోను నాన్న నాకు నాలుగుసార్లు పంపారు. రెండు డెక్‌ల మీదా విమానాలు లెక్కపెట్టుకుని ఉంటారు.

నవంబరు 30, ఆదివారం. ఓడ తిరిగొచ్చింది. ఈసారి మా అమ్మాయి కూడా వచ్చింది. చలికి వణుకుతూ రౌండ్ టవర్ మీద నిలబడి అమ్మకు వీడియో కాల్ చేశాం. ఫైటర్లు ముందే ఎగిరి స్థావరానికి వెళ్ళిపోయాయి.

"కారియర్ వచ్చేసిందా? ఏముంది అందులో?" అంది అమ్మ.

"ఖాళీయే నానమ్మా" అంది మా అమ్మాయి.

"అయితే ఇంక కడిగి బోర్లించండి."

వెనక నుంచి నాన్న గొంతు వినిపించింది. "కడగడానికే నెలలు పడతాదని సెప్పు ఆవిడికి!"